ఎడమ స్పీకరు

ఎడమ స్పీకరు సరిగ్గా పలకడం లేదన్న అనుమానం మేస్త్రికి, పనిలో తన జతగాడు పొడుగు పోయిన మూడో నెలలో వచ్చింది. అప్పటికి అతను సెలవు మీద ఇంట్లోనే ఉంటున్నాడు. పొద్దున్నే లేచి టీ తాగి, హాల్లో కుర్చీ వేసుకుని పాటలు పెట్టుకునేవాడు. పాట విందామని కాదు. కుర్చీలో కూర్చుంటే ఏదో ఒకటి చెయ్యాలి కదా అని. అలా వింటూ ఉండగా ఒకరోజు కుడివైపు నుంచి పాట తేటగా వస్తున్నట్టూ, ఎడమవైపు మాత్రం ఎవరో స్పీకరు మీద దుప్పటి కప్పినట్టూ అనిపించింది.

లిఫ్టులు బాగుచేసే కంపెనీలో అతనిది ఇరవయ్యారేళ్ళ సర్వీసు. కాగితాల మీద సీనియర్ మెకానిక్కు. కానీ కాపలా మనిషి దగ్గర్నుంచి మేనేజరు దాకా అందరూ మేస్త్రి అనే పిలిచేవారు. లిఫ్టు పనికి ఇద్దరు కావాలి. ఒకరు పైన మెషిన్ రూములో ఉంటే ఒకరు కింద లిఫ్టు తిరిగే గోతిలో ఉండాలి. పంతొమ్మిదేళ్ళుగా ఆ రెండోవాడు పొడుగు. నిజానికి మనిషి పొట్టి. చేరిన కొత్తలో ఎవరో వేళాకోళానికి అన్న మాట పేరై కూర్చుంది. చివరికి జీతం ఇచ్చే గుమాస్తా కూడా పొడుగ్గారూ అనేవాడు.

ప్రమాదం జరిగింది ఎనిమిదంతస్తుల పాత భవనంలో. ఈ మధ్య వచ్చే లిఫ్టుల్లో క్యాబిను నెత్తి మీద నిలబడి పనిచేసే మనిషికి తన చేతి కిందే ఒక స్విచ్చు ఉంటుంది. ఎక్కడ కావాలంటే అక్కడ తనే ఆపుకోవచ్చు. ఆ పాత లిఫ్టుకి అది లేదు. కింద క్యాబిను మీద నిలబడి పొడుగు కేకేస్తే, పైన మేస్త్రి బటన్ నొక్కి క్యాబిన్ని కొంచెం కొంచెంగా జరపాలి. పైకి అంటే పైకి, ఆపు అంటే ఆపు. ఇద్దరూ కలిసి అలా కొన్ని వందల సార్లు చేశారు. ఆ రోజు నాలుగో అంతస్తు దాటాక క్యాబిను ఆగాల్సిన చోట ఆగలేదు. గోడలోంచి పొడుచుకొచ్చిన ఇనుప దూలానికీ క్యాబిన్‌కీ మధ్య పొడుగు ఇరుక్కుపోయాడు. ఆస్పత్రికి చేర్చేలోపే ప్రాణం పోయింది.

విచారణలో నాలుగో అంతస్తు పెద్దాయన ఒకాయన, ఆపు ఆపు అని రెండు కేకలు తన ఇంట్లోకి వినిపించాయని చెప్పాడు. మేస్త్రి తనకేమీ వినపడలేదన్నాడు. మోటారు రొదలో వినపడకపోవచ్చు, పైగా ఆ లిఫ్టుకి స్విచ్చు లేదు, కాబట్టి ఇందులో ఎవరి తప్పూ లేదని రాసుకుని ఫైలు మూసేశారు.

పొడుగు భార్య బట్టలు కుడుతుంది. ఆ ఇంటికి మొదటిసారి వెళ్ళిన రోజే మేస్త్రి ఆవిణ్ణి చెల్లెమ్మా అన్నాడు, ఆ వరస అలాగే నిలిచిపోయింది. విచారణ రోజు ఆవిడ వరండాలో బెంచీ మీద ఒక్కతే కూర్చుని ఉంది. అతను ముందు నుంచి వెళ్తుంటే తలెత్తింది.

“నిజంగా వినపడలేదా అన్నయ్యా?”

“లేదమ్మా.”

ఆవిడ తల దించుకుంది.

లేదమ్మా అన్నాడే గానీ, ఆ మాట నిజమో కాదో అతనికే తెలియదు. వినపడలేదా, వినపడినా మనసు ఎక్కడో ఉండి పట్టించుకోలేదా? ఎంత తవ్వుకున్నా ఏమీ తట్టలేదు. ఏడుపు రాలేదు, కోపం రాలేదు. పన్ను పీకేముందు డాక్టరు సూది వేస్తే, కాసేపటికి పెదవి మన పెదవిలా ఉండదు చూడండి, ఒళ్ళంతా అలా ఉండేది. వేళకి తినేవాడు, వేళకి స్నానం చేసేవాడు, ఎవరైనా పలకరిస్తే మర్యాదగా జవాబు చెప్పేవాడు. చూసినవాళ్ళు, పోనీలే మనిషి నిలదొక్కుకున్నాడు అనుకున్నారు.

ఆ స్టీరియో సెట్టు అతను పదేళ్ళపాటు ఒక్కొక్కటిగా సమకూర్చుకున్నది. ఒక సీడీ ప్లేయరు. అందులోంచి వచ్చే శబ్దాన్ని అందుకుని హెచ్చుతగ్గులు చేసి పంపే ప్రీయాంప్. దాన్నుంచి తీసుకుని స్పీకర్లని నడిపించే పవర్ యాంప్, ఇద్దరు పట్టి ఎత్తాల్సినంత బరువు. నడుమెత్తు స్పీకర్లు రెండు. ఇవన్నీ ఒకచోట పెట్టుకుందామంటే హాల్లో ఉన్న ఒక్క మంచి గోడనీ భార్య గాజు షోకేసు ఆక్రమించింది. అందుకని ప్లేయరూ ప్రీయాంపూ కిటికీ పక్క చిన్న అలమారలో, పవర్ యాంప్ అవతలి మూల స్పీకర్ల దగ్గర. రెండింటి మధ్యా గోడ వారగా ఏడు మీటర్ల తీగ.

భార్య లైబ్రరీలో పనిచేస్తుంది. ఆవిడ దృష్టిలో ఆ సెట్టు సవతి లాంటిది, కాకపోతే చీటికీ మాటికీ పోట్లాటకి రాదు. ఎడమది డల్లుగా లేదూ అని మేస్త్రి అడిగితే, నాకు రెండూ ఒకేలా ఉన్నాయి అంది. చెవి పెట్టి విని ఉండదులే అనుకున్నాడు.

మర్నాడు ప్రీయాంప్‌ని సంచిలో పెట్టుకుని సోల్డరక్క దగ్గరికి వెళ్ళాడు.

బజారు వెనక సందులో, టైపింగు ఇన్‌స్టిట్యూటు మెట్ల కింద ఉంటుంది ఆవిడ కొట్టు. తండ్రి పోయాక ఇరవై మూడో ఏట ఆ బల్ల ముందు కూర్చుంది, అరవై దాటినా లేవలేదు. జుట్టులో కూడా సోల్డరు పొగ వాసనే. ఊళ్ళో పాటల పిచ్చి ఉన్నవాళ్ళందరికీ ఆవిడే పెద్ద దిక్కు. ప్రీయాంప్ మూత విప్పి, మీటరు పెట్టి అరగంట చూసింది. రెండు పక్కలా సమానంగానే వస్తోందంది. కాకపోతే పాతబడి కాస్త గుర్రు పెడుతోంది, అంతేనంది. మరి ఎడమవైపు ఎందుకలా ఉందని అతను మళ్ళీ అడిగాడు. ఆవిడ కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుంది.

“అది తర్వాత చూద్దాం. అసలు నీకు యాక్టివ్ ప్రీయాంప్ ఎందుకు తమ్ముడూ?”

తర్వాత విడమరిచి చెప్పింది. వెనకటి పరికరాల్లో శబ్దం బలహీనంగా వచ్చేది, దాన్ని పైకెత్తడానికి కరెంటుతో నడిచే ప్రీయాంప్ కావాల్సి వచ్చేది. సీడీ ప్లేయరు అలా కాదు, కావాల్సినంత బలంగా తనే ఇస్తుంది. అందుకే నీ వాల్యూము ఎప్పుడూ పావు దాటదు. ముందు ఎత్తడం, ఆ తర్వాత నొక్కేయడం, మధ్యలో ఆ గుర్రు ఒకటి అదనం. పాసివ్ అయితే దానికి కరెంటే అక్కర్లేదు, ప్లగ్గే ఉండదు. పెట్టెలో ఒక వాల్యూము నాబు, ఒక స్విచ్చు. వచ్చినదాన్ని తగ్గించి పంపడమే దాని పని, తన సొంతం ఏమీ కలపదు. కానీ దానికి తోసే బలం లేదు. తీగ దూరమైతే సన్న స్వరాలు దారిలోనే రాలిపోతాయి.

“యాక్టివ్ అంటే పెత్తనం చేసే అత్తగారు అనుకో. అన్నిట్లో వేలు పెడుతుంది, కానీ పని ఆగదు. పాసివ్ అంటే నోట్లో నాలుక లేని మావగారు. దేన్నీ చెడగొట్టడు. అలాగని బిందెడు నీళ్ళు కూడా మొయ్యడు.”

పక్కన రేడియో బాగుచేయించుకోవడానికి వచ్చినాయన గట్టిగా నవ్వాడు. నవ్వాల్సిన మాటేనని మేస్త్రికీ తెలిసింది. మొహం మాత్రం కదల్లేదు. సోల్డరక్క అది చూసింది. పొడుగు సంగతి ఆవిడకి తెలుసు. తను చేత్తో కట్టిన పాసివ్ పెట్టె ఒకటీ, ఎవరో అమ్మకానికి పెట్టిపోయిన యాక్టివ్ ఒకటీ సంచిలో పెట్టి ఇచ్చింది. వారం రోజులు విని, నచ్చింది ఉంచుకోమంది.

వారం కాదు, మూడు వారాలు విన్నాడు. పాసివ్ పెట్టాక గుర్రు పోయింది. పాటకీ పాటకీ మధ్య నిశ్శబ్దం కడిగిన పళ్ళెంలా ఉంది. కానీ పాట పల్చబడింది, చుట్టూ అంచులు అరిగినట్టయింది. యాక్టివ్ పెడితే నిండుగా, దమ్ముగా వచ్చింది. అయితే డోలు దెబ్బకీ వీణ మీటుకీ ఒకే రకం పూత పూసినట్టుంది. ఏది పెట్టినా ఎడమవైపు దుప్పటి దుప్పటే. తీగలు పీకి మళ్ళీ గుచ్చాడు, కొసలు గీకాడు, ఏది ఎలా పలికిందో క్యాలెండరు వెనక రాసుకున్నాడు. రోజుకి పది పదిహేను సార్లు పెట్టెలు మార్చాడు. చేతులకి పని దొరికింది. భార్య పొద్దున్న లైబ్రరీకి బయల్దేరేటప్పుడు అలమార ముందు మోకాళ్ళ మీద ఉండేవాడు. సాయంత్రం ఆవిడ తాళం తీసుకుని వచ్చేసరికి అక్కడే ఉండేవాడు. భోజనం మూత పెట్టింది పెట్టినట్టే ఉండేది. ఆవిడ దాన్ని వేడి చేసి చేతికిస్తే తినేవాడు.

రెండు పెట్టెలూ బాగాలేవని చెప్పడానికి వెళ్ళినప్పుడు సోల్డరక్కకి పౌరుషం వచ్చింది. తను కట్టినదానికి వంక పెట్టినవాడు ఇంతవరకూ లేడు. ఆదివారం మధ్యాహ్నం తనే వస్తానంది. చెప్పినట్టే పనిముట్ల సంచీ, అరమీటరు తీగా పట్టుకుని వచ్చింది.

ముందు అనుమానం ఏడు మీటర్ల తీగ మీద. భార్యతో సహా ముగ్గురూ కలిసి పవర్ యాంప్‌ని మోసుకొచ్చి కిటికీ పక్క అలమార ముందు, సరిగ్గా నడిచే దారిలో దించారు. మధ్యన అరమీటరు తీగ, పాసివ్ పెట్టె. స్పీకర్ల తీగలు ఎంత దూరమైనా పెద్ద బాధ లేదట. పాట పెట్టగానే సోల్డరక్క తలాడించింది. పోయిన సన్న స్వరాలన్నీ తిరిగొచ్చాయంది. కుడివైపు వచ్చాయి అన్నాడు మేస్త్రి. ఎడమవైపు అలాగే ఉంది.

ఆవిడ తీగలు అటుదిటు మార్చింది. కుడికి వెళ్ళేది ఇప్పుడు ఎడమకి వెళ్తోంది. లోపం పెట్టెలో ఉంటే అది కూడా కుడికి మారాలి. మారలేదు. సరే స్పీకర్లే అనుకుని, రెండింటినీ ఎత్తి ఒకదాని చోట ఒకటి పెట్టారు. మేస్త్రి కుర్చీలో కూర్చుని విన్నాడు. ఎడమదే అన్నాడు. సోల్డరక్క నేల మీద చతికిలబడి చాలాసేపు కళ్ళజోడు తుడుచుకుంది.

“తమ్ముడూ, కుర్చీ వెనక్కి తిప్పు. స్పీకర్లకి వీపు పెట్టి కూర్చో.”

కూర్చున్నాడు.

“ఇప్పుడు ఏది డల్లుగా ఉంది? నోటితో చెప్పకు. చెయ్యి చూపించు.”

అతను విన్నాడు. ఎడమ చెయ్యి ఎత్తి వెనక్కి చూపించాడు. చూపించాక తల తిప్పి చూసుకున్నాడు. ఇందాకటి దాకా తేటగా పలికిన స్పీకరు వైపు ఉంది అతని చెయ్యి. ఆ చెయ్యి దించడం మర్చిపోయి అలాగే ఉండిపోయాడు.

“పెట్టెల్లో ఏ లోపం లేదు,” అంది సోల్డరక్క నెమ్మదిగా. “నీ ఎడమ చెవి చూపించుకో.”

ఎప్పట్నించి అక్కా, అని అడిగాడు. అది ఆవిడకెలా తెలుస్తుంది? గుమ్మంలో భార్య టీ పళ్ళెంతో నిలబడి ఉంది. ఇద్దరూ అతన్నే చూస్తున్నారు. అతని కళ్ళ ముందు మాత్రం ఆ ఎనిమిదంతస్తుల భవనం మెషిన్ రూము ఉంది. అక్కడ బటన్లుండే పెట్టె కుడిచేతి గోడకి ఉంటుంది. ఉక్కుతాళ్ళు గోతిలోకి దిగే కంత, కింది నుంచి కేక వినిపించాల్సిన కంత, ఎడమ పక్కన ఉంటుంది.

చెవి డాక్టరు గాజు గదిలో కూర్చోబెట్టి, చెవులకి తొడుగులు పెట్టి, శబ్దం వినపడినప్పుడల్లా మీట నొక్కమన్నాడు. తర్వాత గీతల కాగితం చేతికిచ్చాడు. కుడి చెవి గీత బల్లలా సమంగా ఉంది. ఎడమది కొంత దూరం వచ్చి మెట్లు దిగినట్టు కిందికి దిగిపోయింది. ఇది నిన్నా మొన్నా వచ్చింది కాదు, చాలా ఏళ్ళదై ఉంటుందన్నాడు డాక్టరు. మోటార్ల రొద వల్లనైతే రెండు చెవులూ పోవాలి, ఎప్పుడో వచ్చిన జ్వరం వల్ల కావచ్చు, ఇప్పుడు చెప్పలేం. బాగున్న చెవి రెండోదాని పని కూడా చేసేస్తుంది కాబట్టి మనిషికి తెలియదు. చెప్పడమంతా అయ్యాక మామూలుగా అడిగాడు, పిలిస్తే పలకరని ఇంట్లో ఎవరూ అనలేదా అని. భార్య కిటికీలోంచి బయటికి చూసింది.

బస్సులో ఆవిడ అతని కుడి పక్కన కూర్చుంది. రెండు స్టాపులు దాటాక ఏడవడం మొదలుపెట్టింది.

“మా అక్క ఆస్పత్రిలో ఉన్నప్పుడు నేను మీతో రెండు నెలలు మాట్లాడలేదు, గుర్తుందా?”

గుర్తుందన్నాడు.

“ఎందుకో తెలుసా? వంటింట్లోంచి చెప్పాను, భయంగా ఉంది, నాతో రండి అని. మీరు పేపరు చదువుకుంటూ కూర్చున్నారు. తలైనా ఎత్తలేదు. ఒక్కదాన్నే వెళ్ళాను.”

రెండు నెలల మౌనం అతనికి గుర్తుంది. దాని వెనక కారణం ఒకటి ఉందని తెలియదు. ఆడవాళ్ళ కోపాలు అంతేలే అనుకుని, తనే టీ పెట్టుకుని తాగి, రోజులు వెళ్ళదీశాడు. ఇప్పుడు ఆవిడ చెయ్యి పట్టుకోవాలని తోచింది, పట్టుకున్నాడు. అది వెచ్చగా ఉంది. అంతకు మించి ఏమీ తెలియలేదు. ఇల్లొచ్చేదాకా మాత్రం వదల్లేదు.

నెల రోజుల తర్వాత, ఒక మంగళవారం పదకొండు గంటలప్పుడు ఆ గీతల కాగితం మడిచి జేబులో పెట్టుకుని చెల్లెమ్మ ఇంటికి వెళ్ళాడు. విచారణ తర్వాత ఆ గుమ్మం తొక్కడం అదే మొదలు. ఆవిడ కిటికీ దగ్గర మిషను ముందు స్కూలు యూనిఫారాలు కుడుతోంది. నీలం చొక్కాలు నడుమెత్తు పోగు పడి ఉన్నాయి. అతను మంచం అంచున కూర్చుని, కాగితం విప్పి చూపించి, డాక్టరు చెప్పినదంతా చెప్పాడు. కంత ఏ పక్కన ఉంటుందో కూడా చెప్పాడు. నేను వినపడలేదన్నది అబద్ధం కాదేమో అన్నాడు. ఆవిడ కాగితాన్ని తిరగేసి, మళ్ళీ తిప్పి చూసింది. ఆ గీతలు ఆవిడకేం అర్థమవుతాయి? అయినా చాలాసేపు చూసింది.

“ఆయనకి తెలుసు అన్నయ్యా.”

“ఏం తెలుసు?”

“మీకు ఆ పక్క వినపడదని. మీరు గమనించారో లేదో, భోజనానికి కూర్చున్నా, రోడ్డు మీద నడుస్తున్నా, చుట్టూ తిరిగొచ్చి మీ కుడిపక్కన చేరేవారు. ఎందుకలా అంటే, వాడికి అటు చెబితే ఎక్కదే అన్నారు.”

“నాతో ఎప్పుడూ అనలేదే.”

“అంటే మీరు వెళ్ళి ఆఫీసులో చెప్పేస్తారుగా. మిమ్మల్ని ఆ పనిలోంచి తీసేస్తారు. ఇంకొకణ్ణి జత వేస్తారు. ఇంకొకడితో నాకు పడదు అన్నారు.”

మేస్త్రి చూపు నీలం చొక్కాల మీద ఉంది. ఒకదానికి జేబు కుట్టలేదు. చెల్లెమ్మ ఆపలేదు. ఆపితే మళ్ళీ చెప్పలేననుకుందేమో.

“విచారణ రోజు ఈ సంగతి నాకు గుర్తుంది. చెబితే, తెలిసి తెలిసీ గోతిలోకి దిగాడు, తప్పు ఆయనదే అంటారని నోరు మూసుకున్నాను. పైగా మిమ్మల్ని అలా అడిగాను. మీకు తెలుసో లేదో చూద్దామని.”

ఆవిడ కాగితం మడిచి అతనికి తిరిగిచ్చింది.

“నా మీద కోపం వచ్చిందా?”

“రాలేదమ్మా.”

“రావాలి. నాకు మీ మీద బోలెడు వచ్చింది, ఇన్నాళ్ళూ. మీకూ రావాలి.”

మేస్త్రి ఆలోచించాడు. “వచ్చిన రోజు వచ్చి చెప్తాను,” అన్నాడు.

అది హాస్యానికన్న మాట కాదు. కానీ ఆవిడకి నవ్వొచ్చింది, వెంటనే మొహం ముడుచుకుపోయి ఏడుపొచ్చింది. చొక్కా ఒకటి తీసి మొహానికి అడ్డం పెట్టుకుంది. అతను కూర్చునే ఉన్నాడు. ఆవిడ కుదుటపడ్డాక కాఫీ ఇచ్చింది. తాగి వచ్చేశాడు. దారిలో రోడ్డు దాటేటప్పుడు ఒకసారి కుడిపక్కకి చూశాడు, అక్కడ ఎవరూ లేరు. అంతే.

మర్నాడు ఆఫీసుకి వెళ్ళాడు. మూసిన ఫైలు మళ్ళీ ఎందుకు మేస్త్రీ, అన్నాడు మేనేజరు. చెడ్డవాడు కాదు, మనిషికి భయం. మేస్త్రి ఏమీ వాదించకుండా ఒక తెల్లకాగితం అడిగి తీసుకుని, అక్కడే నిలబడి రాశాడు. నాకు ఎడమ చెవి వినపడదు, ఎప్పటినుంచో తెలియదు. ప్రమాదం రోజున కూడా వినపడి ఉండదు. క్యాబిను మీద స్విచ్చు లేని లిఫ్టుల్లో కేకల మీద ఆధారపడి పనిచేయించవద్దు. కింద సంతకం పెట్టాడు. పొడుగుకి ఈ సంగతి తెలుసన్నది రాయలేదు. అది చెల్లెమ్మది, చెప్పుకుంటే ఆవిడే చెప్పుకోవాలి.

మేనేజరు కాగితాన్ని రెండు వారాలు సొరుగులో పెట్టుకుని, ఆఖరికి పైకి పంపాడు. మేస్త్రిని లిఫ్టు పని నుంచి తప్పించి విడిభాగాల స్టోరులో వేశారు. స్విచ్చు లేని పాత లిఫ్టులు వాళ్ళ చేతిలో పదిహేడు ఉన్నాయని లెక్క తేలింది. అన్నిటికీ బిగించడానికి అయిదు నెలలు పట్టింది. ప్రతి స్విచ్చునీ అలమారలోంచి తీసి, పెట్టె విప్పి, నొక్కి చూసి ఇచ్చింది మేస్త్రే. ఆ ఎనిమిదంతస్తుల భవనానికి వెళ్ళాల్సింది కూడా మిగతావాటిలాగే నొక్కి చూసి, పుస్తకంలో రాసి ఇచ్చేశాడు. తీసుకెళ్ళడానికి వచ్చినవాళ్ళు ఒక నిమిషం ఆగారు, ఏమైనా అంటాడేమోనని. రసీదు మీద సంతకం పెట్టమన్నాడు.

ఇంతకాలమూ ఆ రెండు పెట్టెలూ ఇంట్లోనే ఉన్నాయి. సోల్డరక్క అడగలేదు. నడిచే దారిలో దించిన పవర్ యాంప్ కూడా అక్కడే ఉంది. భార్య రోజుకి నాలుగు సార్లు దాన్ని దాటుకుంటూ, రెండు సార్లు కాలికి తగిలించుకుంటూ తిరుగుతోంది. ఒక శనివారం మధ్యాహ్నం డ్యూటీ అయిపోయాక మేస్త్రి కొట్టుకి వెళ్ళి, ఏది ఉంచుకోమంటావక్కా అని అడిగాడు. ఆవిడ చెప్పింది ఇదీ. యాక్టివ్‌కి బ్యాలెన్సు నాబు ఉంది. దాన్ని ఎడమకి తిప్పుకుంటే ఆ పక్క పెరిగి నీకు రెండూ ఇంచుమించు సమానం అనిపిస్తాయి. పైగా పవర్ యాంప్ పాత మూలకి వెళ్ళిపోతుంది, దూరం తీగతో దానికి ఇబ్బంది లేదు. కాకపోతే పక్కన కూర్చున్నవాళ్ళకి పాట ఒక వైపుకి ఒరిగినట్టు ఉంటుంది. పాసివ్‌తో ఇవేవీ ఉండవు. ఉన్నది ఉన్నట్టు వస్తుంది, నీకు ఎంత వినపడితే అంత.

“పక్కన ఎవరైనా కూర్చుంటారా అని ఆలోచించుకో,” అంది.

ఇంటికొచ్చి భార్యని పిలిచి తన కుర్చీలో కూర్చోమన్నాడు. పదేళ్ళలో ఆ కుర్చీలో ఆవిడ కూర్చోవడం అదే మొదటిసారి. నాకేం తెలుస్తుందండీ వీటి సంగతి, అంది. నీకే తెలుస్తుంది అన్నాడు. ఏ పెట్టె ఏదో చెప్పకుండా, ఒకే పాటని ఒకసారి దీంట్లో, ఒకసారి దాంట్లో వినిపించాడు. ఆవిడ కళ్ళు మూసుకుని, పరీక్ష రాస్తున్నట్టు భుజాలు బిగించుకుని వింది. రెండోసారి కూడా వినిపించమంది. ఆఖరికి పాసివ్ పలుకుతుండగా వేలు ఎత్తింది.

“ఇది.”

“ఎందుకు?”

“ఏమో. ఇందులో పాడే ఆవిడ ఊపిరి తీసుకోవడం వినిపిస్తోంది.”

“ఎక్కడ?”

“ప్రతి చరణానికీ ముందు. చిన్నగా. మీకు తెలీదా?”

ఆ పాట అతను కొన్ని వందల సార్లు విన్నాడు. పేము మోడా తెచ్చుకుని భార్య పక్కన, తన కుడి చెవి ఆవిడ వైపు ఉండేలా వేసుకున్నాడు. పాట మొదటినుంచి పెట్టి, వచ్చినప్పుడు చెప్పు అన్నాడు. ఆవిడ అతని మణికట్టు మీద వేలు ఆనించి ఉంచింది. కొంతసేపటికి ఒకసారి తట్టింది. మరుక్షణం చరణం మొదలైంది. ఇంకోసారి తట్టింది. మళ్ళీ మొదలైంది. అతనికి ఊపిరి వినపడలేదు. వేలు తట్టడం మాత్రం తెలిసింది. పాట అయ్యేదాకా అలాగే కూర్చున్నారు.

“ఇదే ఉంచుకుంటే పవర్ యాంప్ ఇక్కడే ఉండాలి,” అన్నాడు. “ఈ గోడకి జరగాలి. షోకేసు తియ్యాల్సొస్తుంది.”

ఆవిడ షోకేసు వైపు చూసింది. పద్దెనిమిదేళ్ళుగా అక్కడే ఉంది అది. “రేపు ఎలాగూ సెలవే. లోపలి గదిలోకి లాగేద్దాం,” అంది.

మర్నాడు పొద్దున్న కప్పులూ బొమ్మలూ అన్నీ తీసి మంచం మీద పరిచారు. ఖాళీ షోకేసు కింద గోనెపట్టా దూర్చి ఇద్దరూ కలిసి లాగారు. దాని వెనక గోడ రంగు వేరేగా ఉంది. దుమ్ములో ఒక దువ్వెన, విరిగిన గాజు గిన్నె మూత, లైబ్రరీ అట్ట వేసిన పుస్తకం ఒకటి దొరికాయి. భార్య ఆ పుస్తకాన్ని తీసి తేదీ చూసుకుంది. పదకొండేళ్ళ క్రితం తనే తెచ్చి, పోయిందని జరిమానా కట్టిన పుస్తకం. ఎవరితోనూ అనకండి అంటూ కొంగుతో తుడిచి సంచిలో వేసుకుంది. మేస్త్రి చీపురు తెచ్చి ఊడ్చాడు. మధ్యాహ్నానికల్లా అలమార, పవర్ యాంప్ గోడకి చేరాయి. అరమీటరు తీగ సరిపోయింది.

సోమవారం డ్యూటీ నుంచి వస్తూ యాక్టివ్ పెట్టెని సోల్డరక్కకి తిరిగిచ్చేశాడు. ఆవిడ ఎవరిదో యాంప్లిఫైయరు కడుపు విప్పి కూర్చుని ఉంది. తలెత్తకుండానే, ఎలా ఉంది తమ్ముడూ అని అడిగింది.

మేస్త్రి ఖాళీ సంచిని మడుచుకున్నాడు.

“మా ఆవిడకి బాగుందట,” అన్నాడు.